తప్పిపోయిన లీటరు

పెట్రోలు లెక్కలు వ్రాసుకునేవాళ్ళని చూసి నవ్వేవాళ్ళు లోకంలో ఎప్పుడూ ఉంటారు. ఆ నవ్వులకు ఇరవయ్యేళ్ళుగా అలవాటుపడ్డ ప్రాణం నాది. బండి ట్యాంకు అంచు దాకా నింపించడం, ఓడోమీటరు అంకెను వ్రాసుకోవడం, మళ్ళీ నింపించినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించడం - ఇంతే నా విద్య. నూరు పేజీల రూళ్ళ పుస్తకాలు ఇప్పటికి మూడు నిండాయి. మా శ్రీమతి వాటికి 'చిత్రగుప్తుడి చిట్టా' అని పేరు పెట్టింది. ఆ చిట్టాలో నా పాపమొకటి నమోదై ఉంది. ఆ సంగతి చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలు.

నా బండి 2014లో కొన్నది. మూడువందల యాభై సి.సి., ఒకటే సిలిండరు, వెనుక చక్రానికి పాతకాలపు డ్రమ్ము బ్రేకు, ట్యూబు టైర్లు. కుర్రాళ్ళ బళ్ళలా దూసుకుపోదు. నిండు గర్భిణిలా నిబ్బరంగా నడుస్తుంది. నేనొక్కణ్ణే వెళితే లీటరుకు 36 కిలోమీటర్లు, మా ఆవిడా, రెండు వైపులా సంచులూ ఉంటే 32. ఇది నేను ఊహించి చెబుతున్న అంకె కాదు, చిట్టా చెప్పే అంకె. శ్రీశైలం వెళ్ళినా, అరకు వెళ్ళినా అటూ ఇటూగా అంతే.

2025 ఆగస్టులో కన్యాకుమారి ప్రయాణం పెట్టుకున్నాం. హైదరాబాదులో ఎక్కితే చివరిదాకా ఒకటే రహదారి - 44వ నంబరు జాతీయ రహదారి. మూడు సముద్రాలు కలిసేచోట ముక్కు మూసుకుని మూడు మునకలు వేయాలని మా ఆవిడ కోరిక. అంతదూరం బండిని నడిపి తీసుకువెళ్ళాలని నా కోరిక. రెండు కోరికలూ ఒకే దారిలో ఉండడం దాంపత్యంలో అరుదు కనుక ఆలస్యం చేయకుండా బయలుదేరాం.

బయలుదేరే ముందురోజు సాయంత్రం బండిని నేనే సిద్ధం చేశాను. చైను కాస్త వదులుగా ఉన్నట్టనిపించింది. స్పానర్లు తీసి, వెనుక చక్రాన్ని రవ్వంత వెనక్కి లాగి, చైను బిగించాను. టైర్లలో గాలి కూడా నా సొంత గేజితోనే కొలిచాను. వెనుక మనిషి ఉన్నప్పుడు వెనుక చక్రానికి 32 పౌండ్ల గాలి ఉండాలని బండితో వచ్చిన పుస్తకం చెబుతుంది. గేజి సరిగ్గా 32 చూపింది. మెకానిక్కుల మీద ఆధారపడని మగవాడి గర్వం ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. చేతులకంటిన గ్రీజును మా ఆవిడకు కనబడేటట్టుగా తుడుచుకున్నాను.

మరునాడు తెల్లవారుజామునే ఊరు దాటాం. షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట వరుసగా వెనక్కి జరిగిపోయాయి. బీచుపల్లి వంతెన మీద కృష్ణమ్మకు నమస్కారం పెట్టుకున్నాం. తుంగభద్ర దాటి కర్నూలులో టిఫిను తిన్న పిదప పెట్రోలు పోయించాను. 213 కిలోమీటర్లకు 7.6 లీటర్లు పట్టింది. భాగించి చూస్తే 28. రెండోసారి భాగించాను. భాగహారం మీద నాకున్న నమ్మకం చెక్కుచెదరలేదు గానీ 28 కూడా కదల్లేదు.

"ఎక్కడో తేడా ఉంది" అన్నాను. "ఉప్మాలోనా?" అంది మా ఆవిడ.

ఒక్క లెక్కను పట్టుకుని నిర్ధారణకు రాకూడదని నా నియమం. ట్యాంకు నింపడంలో ఒకచోట అంచుదాకా, ఇంకోచోట వేలెడు తక్కువగా పోయడం మామూలే. అందుకని మళ్ళీ ఒకసారి తేల్చుకుందామని గుత్తి దాటాక, అనంతపురం ఇంకా కొంత దూరముందనగా, రోడ్డు పక్కనున్న ఒక బంకులో ఆపాను. చిట్టా ప్రకారం 130 కిలోమీటర్లు తిరిగాను. నాలుగు లీటర్లూ, పైన ఒక గ్లాసెడూ పట్టాలి. పంపు మీటరు గిరగిరా తిరిగి 5.00 దగ్గర ఆగింది. లీటరుకు 26!

లీటరు ఎక్కడికి పోయింది? ఇదీ నా ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం నాకు తక్షణమే దొరికింది. పెట్రోలు పోసిన అబ్బాయి ఎదురుగానే ఉన్నాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో, యూనిఫారం చొక్కా రెండు సైజులు పెద్దది. "ఏం బాబూ, నాలుగు లీటర్లు పట్టాల్సిన ట్యాంకులో ఐదెలా పోశావు?" అన్నాను. "మీటరు చూసినారు కద సార్, జీరో చూపించే పోసినా" అన్నాడు. "మీ మీటర్ల సంగతి నాకు తెలుసులే. పొద్దున్నించీ ఇలా ఎంతమందికి పోశావు?" అన్నాను.

ఈ చివరి మాట అనవలసింది కాదు. అది నా నోటినుంచి రావడం, వెనుక వరుసలో ఉన్న రెండు బళ్ళవాళ్ళు మొహాలు చూసుకోవడం, వాళ్ళలో ఒకతను బండి తిప్పుకుని రోడ్డెక్కడం - ఇవన్నీ ఒక్క నిమిషంలో జరిగిపోయాయి. ఆ అబ్బాయి వెళ్ళిపోతున్న బండి వైపు ఒకసారి చూశాడు. నావైపు చూడలేదు. "కొలిచి చూపిస్తా, ఉండండి సార్" అని లోపలికి వెళ్ళాడు.

తెలియనివారికోసం ఒక మాట. ప్రతి పెట్రోలు బంకులోనూ ఐదు లీటర్ల కొలపాత్ర ఒకటి ఉంటుంది. తూనికలు కొలతల శాఖవారు సరిచూసి ముద్ర వేసినది. వినియోగదారుడు ఎవరు అడిగినా అందులో పోసి చూపించాలి. ఐదు లీటర్లకు పాతిక మిల్లీలీటర్ల దాకా అటూ ఇటూ తేడాను అనుమతిస్తారు, అంతకు మించకూడదు. అడగడం మన హక్కు, చూపించడం వాళ్ళ విధి. అక్కడిదాకా నేను చేసినదాంట్లో తప్పేమీ లేదు.

అబ్బాయి పాత్ర తెచ్చాడు. చదునుగా ఉన్నచోట పెట్టాడు. మీటరును సున్నకు తెచ్చి, అదే పంపు గొట్టంతో ఐదు లీటర్లు పోశాడు. పాత్ర మెడ దగ్గరుండే గీత ముందు నన్ను వంగి చూడమన్నాడు. పెట్రోలు గీతను తాకి నిలిచి ఉంది. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. మళ్ళీ ఆ పెట్రోలును భూమిలోని ట్యాంకులో పోసి, ఏదో పుస్తకంలో లెక్క వ్రాసి సంతకం పెట్టాడు. అతని దగ్గరా ఒక చిట్టా ఉందన్నమాట. నేను డబ్బులిచ్చి, ఒక్క మాటైనా మాట్లాడకుండా బండెక్కాను.

ఆ రాత్రి అనంతపురం లాడ్జిలో మా ఆవిడ నెమ్మదిగా అంది: "ఏమండీ, అడగడం తప్పు కాదు. అడిగిన తీరే బాగోలేదు. మనవాడి వయసు పిల్లాడు." నేను చిట్టాలో తల దూర్చాను. తప్పు చేసినవాడికి లెక్కల పుస్తకం మంచి మరుగు.

దోషి తప్పించుకున్నాడు కనుక కొత్త దోషిని వెతకాలి. ఇథనాల్ దొరికింది. ఆ వేసవిలో ఎక్కడ విన్నా దాని గొడవే. 2025 నాటికి మన బంకుల్లో పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలిసి వస్తోంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. కనుక మైలేజీ కొంత తగ్గడం సహజం. కానీ ఎంత? నీతి ఆయోగ్ 2021లో వెలువరించిన నివేదికలో పాత తరహా ద్విచక్రవాహనాలకు మూడు నాలుగు శాతం తగ్గవచ్చని అంచనా వేశారు. పోనీ, అది తక్కువ చేసి చెప్పిన లెక్కే అనుకుందాం. శక్తి లెక్క ప్రకారం చూసినా ఇరవై శాతంలో మూడో వంతు - ఏడు శాతానికి మించదు. నా 32 మహా అయితే 30 అవుతుంది గానీ 26 ఎలా అవుతుంది? నిజాయితీగా భాగించుకుంటే ఇథనాల్ కూడా నిర్దోషే. పోనీ, నేరంలో చిన్న భాగస్వామి.

మూడో అనుమానితుడు వేగం. గాలి నిరోధం వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్లతో వెళ్ళేవాడు 100కు పెంచితే వేగం పెరిగింది పాతిక శాతమే గానీ, ఎదురుగా గాలి నెట్టే బలం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. సంచులు వేలాడేసుకుని, ఇద్దరం నిటారుగా కూర్చున్న మా బండి గాలికి ఒక గోడలాంటిది. గుత్తి దారిలో రోడ్డు ఖాళీగా ఉందని నేను తొంభై దాటించిన మాట నిజం. అందుకని రెండోరోజు పెనుకొండ కొండల పక్కగా, బెంగుళూరు మీదుగా, సేలం దాకా అరవై ఐదు దాటకుండా నడిపాను. లారీలు కూడా మమ్మల్ని దాటి వెళ్ళాయి. ఇంతచేసి సాధించినది 27.5.

సేలంలో పొద్దున్నే సంచులు కడుతూ ఉంటే వెనుక టైరు కంటబడింది. అసలు దాన్ని నేను ఎన్నాళ్ళుగా చూడలేదో అప్పుడు తెలిసింది. సూటి రహదారుల మీద ఎక్కువ తిరిగే బండికి టైరు నడిమి భాగం ముందు అరిగి, బల్లపరుపుగా అవుతుంది. నాది అలా లేదు. నడుమ గాడులు కనిపిస్తున్నాయి. రెండు పక్కలా బోడి. కుడిపక్క మరీ. తొమ్మిదివేల కిలోమీటర్లకే ఇంత అరుగుదలా? గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకన్నా తగ్గిన టైరుతో ద్విచక్రవాహనం నడపకూడదని మోటారు వాహన నిబంధన. నడుమ ఆ లోతు ఉంది, పక్కల లేదు.

మీరు ఊహించినట్టే, నాలుగో దోషి టైరు అమ్మినవాడయ్యాడు. ఏళ్ళ తరబడి గోడౌనులో పడి ఉన్న సరుకు అంటగట్టి ఉంటాడనుకున్నాను. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు అచ్చువేసి ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. వంగి చూశాను. 0924. అంటే 2024లో తొమ్మిదో వారం తయారైనది. నేను కొన్నది ఆ ఏడాది ఏప్రిల్‌లోనే. తాజా సరుకే ఇచ్చాడు పాపం. గాలి తక్కువైతేనే పక్కలు అరుగుతాయని చదివిన గుర్తు ఉంది. అందుకే గేజి తీసి చూశాను. 32. రోజూ పొద్దున్నే చూస్తూనే ఉన్నాను, రోజూ 32. ఇంకెవర్ని అనుమానించాలో తోచక బండెక్కాను.

మధురై దాటి, విరుదునగరం, సాత్తూరు దాటాక బండి వెనుకభాగం మెల్లగా ఊగడం మొదలైంది. నీళ్ళమీద పడవలాగా. మా ఆవిడ నా భుజం మీద చెయ్యి బిగించింది. కోవిల్‌పట్టి ఇంకాస్త దూరమనగా ఒక వేపచెట్టు కింద పంక్చరు కొట్టు కనిపించింది. ఒక పెద్దాయన, లుంగీ, మెడలో తువ్వాలు. నేను చేతులతో అభినయిస్తూ, వచ్చీరాని తమిళంలో మొదలుపెట్టగా మా ఆవిడ వెనుకనుంచి "ముందు దిగనివ్వండి" అంది. ఆయన మొహం విప్పారింది. "తెలుగువాళ్ళా?" అన్నాడు.

ఆ నల్లరేగడి సీమలో వందల ఏళ్ళ కిందట వలస వెళ్ళిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తమిళ సాహిత్యంలో పెద్దపేరైన కి. రాజనారాయణన్ కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసెవల్‌లో, అలాంటి తెలుగింటనే పుట్టారు. ఈ సంగతులు పుస్తకాల ద్వారా తెలిసినవే గానీ, వేపచెట్టు కింద టైర్ల నడుమ ఎదురైతే ఆ రుచి వేరు. ఆయన తెలుగు సగం నాకు అర్థం కాలేదు. కావలసిన సగం అర్థమయింది.

సంచులు దించి, బండిని సెంటరు స్టాండు మీద పెట్టించాడు. వెనుక చక్రాన్ని చేత్తో తిప్పాడు. అరచుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే. డ్రమ్ము మీద చెయ్యి పెట్టి చూడమన్నాడు, చురుక్కుమంది. చైనును వేలితో ఎత్తాడు. వీణ తీగలా బిగిసి ఉంది. "ఎవరు బిగించారు?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. మా ఆవిడ చూపు చెప్పింది.

తరువాత ఆయన విడమరచి చూపించిన సంగతి ఇది. బండి మీద మనుషులు కూర్చుంటే వెనుక చక్రం కొంత పైకి కదులుతుంది, అప్పుడు చైను ఇంకా బిగుసుకుంటుంది. అందుకే ఖాళీ బండికి చైనులో అంగుళం మేరకైనా వదులు ఉంచాలి. నేను ఆ వదులు లేకుండా చేశాను. పైగా చక్రాన్ని వెనక్కి లాగినప్పుడు దానితోబాటు బ్రేకు కడ్డీ కూడా లాగబడుతుంది. దాని మర తిరిగి వదులు చేయాలి. నేను చేయలేదు. అంటే హైదరాబాదు నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా నేను బ్రేకు తొక్కుకుంటూనే వచ్చానన్నమాట. చక్రానికి రెండు వైపులా ఉండే గుర్తులు కూడా సమానంగా లేవు; కుడివైపు ఒక గీత ఎక్కువ జరిపాను. చక్రం ఆ మేరకు వంకరగా పరుగెడుతోంది.

నేను తల వంచుకుని "గాలి మాత్రం సరిగ్గా ఉంది" అన్నాను. ఆయన తన గేజి పెట్టాడు. 22. "వేడి టైరు ఇది. చల్లారితే ఇంకా తగ్గుతుంది" అన్నాడు. నేను నా గేజి పెట్టాను. 34. ఆయన ఏమీ అనకుండా లోపలినుంచి ఇంకొక గేజి తెచ్చి పెట్టాడు. 22. ఇద్దరు సాక్షులు ఒకవైపు, నా గేజి ఒక్కటే ఒకవైపు. అప్పుడు గుర్తుకొచ్చింది - ఎనిమిది నెలల కిందట, డిసెంబరులో, అది నా చేతిలోంచి జారి సిమెంటు గచ్చు మీద పడింది. తీసి తుడిచి పెట్టెలో పెట్టాను. పడ్డ గేజి నిజం చెబుతోందో లేదో మరొకదానితో పోల్చి చూడాలని తోచనే లేదు. ఆ రోజునుంచి నేను పద్ధతి తప్పకుండా, శ్రద్ధగా, పన్నెండు పౌండ్ల గాలి తక్కువ కొట్టుకుంటున్నాను.

చక్రం విప్పాక అసలు చూడవలసింది చూపించాడు. గాలి తక్కువైన ట్యూబు టైరు చక్రపు అంచు మీద పట్టు తప్పి మెల్లమెల్లగా జరుగుతుంది. ట్యూబును కూడా తనతో ఈడ్చుకుపోతుంది. నిటారుగా ఉండవలసిన వాల్వు ఒకపక్కకు ఒరిగి ఉంది. దాని మొదట్లో రబ్బరు నెర్రెలిచ్చింది. అది తెగితే క్షణంలో గాలంతా పోతుంది. పరుగులో ఉన్న బండి వెనుక చక్రానికి అలా జరిగితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. ట్యూబును మడిచి నా చేతిలో పెట్టి, మా ఆవిడ కూర్చున్న బల్లవైపు ఒకసారి చూశాడు, అంతే. ఆమె కొట్టు పక్క గోడ మీద ఉన్న సినిమా పోస్టరును తీరిగ్గా చూస్తోంది. నాకు కాళ్ళలో సత్తువ పోయినట్టయింది. అరవై ఐదుతో నడిపి ఉండకపోతే? సాత్తూరు దగ్గర ఇంకో గంట మొండికేసి ఉంటే?

కోవిల్‌పట్టి నుంచి కొత్త టైరు, ట్యూబు తెప్పించాం. మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటల్లో చిట్టా తీసి మొదటిసారి పై నుంచి కిందికి చదివాను. డిసెంబరు దాకా 36. సంక్రాంతికి 35. ఉగాదికి 34. జూలైలో 33. పుస్తకం నెలనెలా నిజం చెబుతూనే ఉంది. నేను ఎప్పుడూ చివరి వరుసను మాత్రమే చూసి, 'ఒక్క కిలోమీటరే కదా' అనుకుంటూ వచ్చాను. వ్రాసుకోవడం వేరు, చదువుకోవడం వేరు.

ఆ చెట్టుకింద మా నాన్నగారు గుర్తుకొచ్చారు. తెనాలి దగ్గర పల్లెలో ఆయనకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. ఇనుప తూకపు రాళ్ళ అడుగున ఒక గుంటలో సీసం పోసి, దాని మీద ప్రభుత్వ ముద్ర వేస్తారు. ఒకసారి ఎవరో ముసలమ్మ కందిపప్పు తక్కువ వచ్చిందని గొణిగింది. నాన్నగారు ఆవిడను కసరలేదు. కిలో రాయిని తిరగేసి చూశారు. సీసపు బిళ్ళ ఊడిపోయి ఉంది. ఎప్పుడు ఊడిందో తెలియదు, ఎంతమందికి తక్కువ తూగిందో తెలియదు. రాయి మార్చారు. తరువాత నెల రోజుల పాటు కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళకూ, ఏది కొన్నా, ఒక గుప్పెడు కొసరు వేశారు. ఎందుకని అడిగిన నాతో "లెక్క తెలియనప్పుడు కొసరే లెక్క" అన్నారు. నేను ఆయన కొడుకుని. ముద్ర ఉన్న కొలపాత్రను శంకించాను. ముద్ర లేని, కిందపడ్డ నా గేజిని దైవంలా నమ్మాను.

సాయంత్రం బయలుదేరాం. బండి పువ్వులా కదిలింది. తిరునల్వేలిలో రాత్రి గడిపి, మరునాడు పణగుడి దాటేసరికి గాలిమరలు కనబడ్డాయి. వేలకొద్దీ తెల్లని రెక్కలు. ముప్పందల్ ప్రాంతం అది. నైరుతి ఋతుపవనాల కాలంలో పడమటి కనుమల మధ్యనున్న సందులోంచి గాలి హోరుమని తోసుకువస్తుంది. బండిని ఒకపక్కకు వాల్చి పట్టుకుంటే తప్ప నిటారుగా పోదు. కన్యాకుమారిలో నింపించి భాగిస్తే 29. ఈసారి నేను ఎవర్నీ ఏమీ అనలేదు. దోషి పేరు ఆకాశమంత పెద్ద అక్షరాలతో కళ్ళెదుట తిరుగుతూనే ఉంది మరి! తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనుకనుంచి తోసింది. కోవిల్‌పట్టికి వచ్చేసరికి 34. రెండూ కలిపి చూస్తే లీటరుకు 31 పైచిలుకు. ఎదురుగాలి తీసుకున్నదంతా వాలుగాలి తిరిగి ఇవ్వదు. అయినా నా పాత లెక్క దాదాపు నాకు దక్కింది.

మా ఆవిడ మూడు మునకలూ వేసింది. కోవిల్‌పట్టిలో పెద్దాయనకు నమస్కారం చెప్పి, ఆ ఊరి వేరుశనగ పట్టీలు నాలుగు పొట్లాలు కొన్నాం. ప్రసిద్ధమైన సరుకు, 2020లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. "ఒకటి విడిగా పెట్టండి" అంది మా ఆవిడ. ఎవరికని నేను అడగలేదు.

అనంతపురం దాటాక ఆ బంకు రోడ్డుకు అవతలివైపు వచ్చింది. ముందుకు పోయి, తిరిగి వెనక్కి రావాలి. నాలుగు కిలోమీటర్లు అదనం. ఆ నాలుగు కిలోమీటర్లలో వెళ్ళిపోదామని నాకు కనీసం రెండుసార్లు అనిపించింది. అబ్బాయి ఉన్నాడు, అదే పెద్ద చొక్కాలో. నన్ను గుర్తుపట్టి, ఏమీ అనకుండానే కొలపాత్ర తేవడానికి లోపలికి కదిలాడు. ఆ కదలికే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "వద్దు నాయనా" అన్నాను. "ఆ రోజు తప్పు మీ పంపులో లేదు. నా బ్రేకు పట్టేసి ఉంది. నా గేజి తప్పు. నిన్ను నలుగురిలో అనకూడని మాట అన్నాను. చెప్పిపోదామని వచ్చాను."

అతను ఇబ్బందిగా నవ్వాడు. "కొలిచి చూపించమని రోజుకు నలుగురైనా అడుగుతారు సార్, దానికేముంది" అన్నాడు. కాసేపాగి, "ఆ పొద్దు ఒగాయన బండి తిప్పుకోని పాయె కద, మా ఓనరు చూసినాడు. అందుకే బాధైంది" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ ఓనరు గదిలోకి వెళ్ళి, అబ్బాయి కొలిచి చూపించాడనీ, వెంట్రుకవాసి తేడా లేదనీ, తప్పు నాదేననీ చెప్పాను. ఆయన వార్తాపత్రిక దించి విని, "సరే సార్, మంచిది" అని మళ్ళీ పత్రిక ఎత్తాడు. నా మాట ఆయన మనసులో ఎక్కడ పడిందో నాకు తెలియదు. వెళ్ళిపోయిన ఆ బండి మనిషికి మాత్రం ఇక ఎవరూ చెప్పలేరు.

ట్యాంకు నింపించుకున్నాను. మా ఆవిడ పొట్లం అతని చేతిలో పెట్టింది. విప్పి చూసి ఈసారి నిజంగానే నవ్వాడు. "అనంతపురం వాళ్ళకే శెనక్కాయలు తెచ్చినారా అమ్మా!" అన్నాడు. "కొసరు బాబూ" అంది ఆమె.

మిత్రులారా, మీలో దూరప్రయాణాలు చేసే బండివాళ్ళు ఉంటే నాలుగు మాటలు. మైలేజీ హఠాత్తుగా పడిపోతే ముందు చక్రాన్ని గాలిలో ఎత్తి తిప్పి చూడండి. అది స్వేచ్ఛగా తిరగాలి. గాలిని పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవండి. బరువు పెరిగితే గాలీ పెరగాలి. చైను బిగించినవాడు బ్రేకు మర కూడా సరిచూసుకోవాలి. టైరు ఎక్కడ అరిగిందో చూస్తే ఎందుకు అరిగిందో అదే చెబుతుంది. అన్నిటికీ ముందు, మీ గేజిని ఏడాదికొకసారైనా ఇంకొకరి గేజి పక్కన పెట్టి చూసుకోండి. ఆ రోజు 26 అని వ్రాసిన వరుస పక్కన నేను ఎర్ర సిరాతో 'నా తప్పు' అని వ్రాసుకున్నాను. చిట్టాలో ఆ రంగు అక్షరాలు అవే మొదటివి.